ప్రారంభోత్సవం తరువాత

గత సంచికలో విద్యుత్ వాహనాల బ్యాటరీల గురించి ముచ్చటించుకున్నాము. ఈ మారు వాటికి దారిలో ప్రాణం పోసే ఛార్జింగ్ కేంద్రాల సంగతి.

మొన్నటి వేసవిలో మా అల్లుడి విద్యుత్ కారులో హైదరాబాదు నుండి విజయవాడకు బయలుదేరాము. సూర్యాపేట దాటాక ఒక కేంద్రం వద్ద ఆగితే, ఉన్న రెండు ఛార్జర్లూ పనిచేయడం లేదు. "చెప్పి పది రోజులైందండి, ఎవరూ రాలేదు" అన్నాడు కాపలాదారు. బ్యాటరీలో మిగిలినది 14 శాతం. మండుటెండలో ఏసీ ఆపివేసి, పసిబిడ్డకు తడిగుడ్డతో ముఖం తుడుస్తూ, నెమ్మదిగా తరువాతి కేంద్రం చేరుకున్నాము.

ఇంటి వద్ద ఏసీ విద్యుత్తును డీసీగా మార్చే పని కారులోని చిన్న పరికరానిది. అందుకే గంటల తరబడి పడుతుంది. రహదారి కేంద్రంలో ఆ మార్పిడి ఛార్జరులోనే జరిగి, డీసీ నేరుగా బ్యాటరీకి అందుతుంది. 60 కిలోవాట్ల ఛార్జర్లు నాలుగు ఒకేసారి పనిచేయాలంటే 240 కిలోవాట్లు కావాలి. అందుకు 11 కె.వి. లైను, ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మరు సమకూర్చవలసి ఉంటుంది. ఇదంతా శ్రమతో కూడినదే అయినా, ఒక్కసారి చేసే పని. ఆ తరువాతిది నిత్యకృత్యం. గాలి ఫిల్టర్లు దుమ్ముతో మూసుకుపోతే లోపలి మాడ్యూళ్లు వేడెక్కి శక్తిని తగ్గించుకుంటాయి, చివరకు ఆగిపోతాయి. మొబైల్ సిగ్నలు అందకపోతే చెల్లింపు జరగక, ఛార్జింగే మొదలుకాదు.

రహదారులకు ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని 2018లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు సూచించాయి. 2023 మార్చిలో భారీ పరిశ్రమల మంత్రిత్వ శాఖ మూడు ప్రభుత్వ రంగ చమురు సంస్థలకు 7,432 కేంద్రాల నిమిత్తం 800 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంకల్పానికి, నిధులకు లోటు లేదు. అయితే ఒక కేంద్రం మూతపడితే 25 కిలోమీటర్ల దూరం 50 అవుతుంది. లెక్కలో ఉండి దారిలో పనిచేయని కేంద్రం, అసలు లేనిదానికన్నా ప్రమాదకరం. దానిని నమ్ముకుని ప్రయాణికుడు బయలుదేరుతాడు.

మా ఉద్యోగ జీవితంలో మేమూ శిలాఫలకంపై తేదీనే పని ముగిసిన తేదీగా భావించినవారమే. ఆ రోజు తడిగుడ్డ పట్టుకున్నప్పుడు గాని మా పొరపాటు మాకు తెలిసిరాలేదు. ఇకపై మన నెలవారీ నివేదికలలో ఎన్ని కేంద్రాలు నెలకొల్పామన్న అంకె పక్కనే, అవి ఎన్ని గంటలు పనిచేశాయన్న అంకె కూడా ఉండాలి. పని ప్రారంభోత్సవంతో ముగియదు, అక్కడే మొదలవుతుంది.