దొరసాని పారిపోయింది, దాసి కాలిపోయింది

ఐర్లండ్ చరిత్రలో మంత్రగత్తె అనగానే ముందుగా వినిపించే పేరు ఆలిస్ కైట్లర్. కిల్‌కెన్నీ పట్టణంలో ఆమె ఇంటిపేరు పెట్టుకున్న సత్రం ఇవాళ్టికీ నడుస్తోంది. నలుగురిని పెళ్లాడిన ఆ ధనవంతురాలి కథ పర్యాటకులు ఇష్టంగా వింటారు. 1324లో ఆమె మీద చేతబడి నేరం మోపిన మాట వాస్తవమే. అయితే ఆ కేసులో సజీవంగా దహనమైంది ఆలిస్ కాదు, ఆమె దగ్గర పనిచేసిన పెట్రోనిల్లా. మీత్ ప్రాంతపు మనిషి అన్నదాన్ని మించి ఆ దాసి పుట్టుపూర్వోత్తరాలను ఎవరూ రాసిపెట్టలేదు. ఏడు వందల ఏళ్లుగా ఈ కేసును యజమానురాలి పేరుతో చెప్పుకుంటూ వచ్చాం కాబట్టే, ఎవరు కాలారు, ఎందుకు కాలారు అన్న ప్రశ్న మరుగున పడిందని నా అభిప్రాయం.

ఆలిస్‌ది ఫ్లాండర్స్ నుంచి వచ్చి కిల్‌కెన్నీలో స్థిరపడ్డ వర్తక కుటుంబం. మొదటి భర్త విలియం ఔట్‌లా వడ్డీ వ్యాపారి. రెండో భర్త, కాలన్ ఊరివాడైన ఆడమ్ లె బ్లండ్‌దీ అదే వ్యాపారం. మూడో ఆయన రిచర్డ్ డి వాల్ టిప్పరరీలో భూములున్నవాడు, నాలుగో ఆయన సర్ జాన్ లె పోయర్. మొదటి కాపురంలో పుట్టిన కొడుకు విలియం కూడా అప్పులిచ్చే వృత్తిలోనే ఎదిగాడు. ఇంతకీ ఫిర్యాదు చేసిందెవరు? తర్వాతి భర్తల పిల్లలు, అంటే ఆమె సవతి బిడ్డలు. తమ తండ్రులకు మందు పెట్టి, మతి పోగొట్టి, ఆస్తంతా తన కొడుక్కు రాయించిందని వాళ్ల మొర. పుంజుల పేగులు, శవాల గోళ్లు కలిపి, తల నరికిన దొంగ పుర్రెలో మందు కాచేదన్న ఆరోపణ భయపెడుతుంది. నాకు మాత్రం అన్నిటికంటే చిన్నదిగా కనిపించే ఆరోపణే అసలు గుట్టు విప్పుతుందనిపిస్తుంది. సాయంకాలం వీధిలోని దుమ్మునంతా కొడుకు ఇంటి వైపు ఊడుస్తూ, ఊరి సంపద అటే రావాలని మంత్రం చదివేదట. వడ్డీల రూపంలో తమ డబ్బు ఆ ఇంటికి చేరుతోందని ఉడికిపోయిన ఊరి అక్కసంతా ఆ చీపురులో ఉంది.

మరి ముగ్గురు భర్తలు చనిపోయి, నాలుగోవాడు జుట్టు ఊడి, గోళ్లు రాలి మంచాన పడితే అనుమానించరా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. విషం పెట్టి ఉండదని నేను హామీ ఇవ్వలేను. కానీ విషప్రయోగం మామూలు హత్యానేరం, దాన్ని విచారించడానికి రాజు కోర్టులున్నాయి. ఆలిస్ మీద కేసు ఆ దారిన వెళ్లలేదు. ఒస్సోరీ బిషప్ రిచర్డ్ డి లెడ్రెడ్ దాన్ని మతద్రోహంగా మార్చి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆర్ట్ కొడుకు రాబిన్ అనే దయ్యంతో ఆమె కాపురం చేసిందన్నాడు, నాలుగు దారులు కలిసేచోట జంతువులను బలిచ్చిందన్నాడు. హత్యకు సాక్ష్యం కావాలి. దయ్యానికి ఒప్పుకోలు ఒక్కటి చాలు, దాన్ని ఎలా రాబట్టాలో ఆయనకు తెలుసు.

ఆ కాలంలో అందరూ ఇలాంటివి నమ్మేవారు, ఇప్పటి కొలతలతో వాళ్లను తూచకూడదన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. లెడ్రెడ్ విషయంలో అందులో కొంత సత్యముంది. ఇంగ్లండులో పుట్టిన ఈ ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1317లో ఆవిన్యోన్‌లోని పోప్ కొలువు నుంచి నేరుగా బిషప్‌గా వచ్చాడు. అదే ఏడాది, పోప్ ఇరవై రెండో జాన్‌ను విషంతో, మంత్రాలతో చంపజూశాడన్న నేరం మీద కవోర్ బిషప్ ఊగ్ జెరోను ఫ్రాన్సులో చంపించారు. ఆ భయాన్ని ఒంటబట్టించుకుని వచ్చిన మనిషి కిల్‌కెన్నీలో దయ్యాలను చూశాడంటే అది నటన కాకపోవచ్చు. కానీ అందరూ నమ్మారన్న మాట నిలవదు. ఆ ప్రాంతపు పాలనాధికారి ఆర్నల్డ్ లె పోయర్ నమ్మలేదు. పైగా బిషప్‌నే పట్టించి పదిహేడు రోజులు జైల్లో పెట్టాడు. ఐర్లండ్ ఛాన్సలర్ రోజర్ ఔట్‌లా వారంటు ఇవ్వలేదు. నిందితులను ముందు వెలివేసి నలభై రోజులు గడవాలని చట్టం గుర్తుచేశాడు. నిజమే, ఒకరు ఆలిస్ నాలుగో భర్త వంశీకులు, ఇంకొకరు కొడుకు విలియం బంధువు. చుట్టరికం కోసమే అడ్డుపడ్డారనుకున్నా, ఆ చట్టం వాళ్లు కల్పించింది కాదు. నలభై రోజుల గడువు, నిందితుల హక్కు అనే మాటలు 1324లోనూ ఉన్నాయి. అవి చుట్టాలున్నవాళ్లకు మాత్రమే అందాయి.

నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. ఒకే కేసు, ఒకే ఆరోపణలు. ఆలిస్ సముద్రం దాటి వెళ్లిపోయింది, ఆ తర్వాత ఆమె జాడ లేదు. పెట్రోనిల్లా కూతురు కూడా ఆమెతో వెళ్లిపోయిందంటారు. కొడుకు విలియం తప్పు ఒప్పుకున్నాడు. ఏడాదిపాటు రోజుకు మూడు పూజలు వినాలని, పేదలకు అన్నం పెట్టాలని, సెయింట్ కానిస్ కెథడ్రల్ కప్పుకు సీసం రేకులు వేయించాలని అతనికి ప్రాయశ్చిత్తం విధించారు. పెట్రోనిల్లాను ఆరుసార్లు కొరడాలతో కొట్టించారు. ఆ తర్వాతే ఆమె అన్నిటికీ ఒప్పుకుంది. తన యజమానురాలంత మంత్రగత్తె లోకంలోనే లేదని చెప్పిందని రాశారు. ఒప్పుకుంది కదా అని నేటికీ అనేవారున్నారు. ఆమె ఒప్పుకున్నవి బిషప్ ముందే రాసిపెట్టుకున్న ఆరోపణలే. పైగా ఆ మాటలు మనదాకా వచ్చింది బిషప్ పక్షంవాళ్లు లాటిన్‌లో రాసిన వృత్తాంతం ద్వారానే. ఆ పనిమనిషి తన భాషలో ఏమన్నదో, ఏడో దెబ్బకు భయపడి ఏం కలిపిందో అందులో లేదు. ఇలాంటి వాఙ్మూలాన్ని సాక్ష్యంగా వాడుకునే చరిత్రకారుడు ఆ కొరడాకు మళ్లీ పని చెబుతున్నట్టే.

తర్వాతి కథ త్వరగానే ముగుస్తుంది. విలియం వేయించిన సీసం బరువుకే 1332లో కెథడ్రల్ గోపురం కూలిందని చెబుతారు. అడ్డుపడ్డ ఆర్నల్డ్ మీద లెడ్రెడ్ మతద్రోహ నేరమే మోపాడు. డబ్లిన్ కోట జైల్లోనే అతను చనిపోయాడు. ఆ నేరమే చివరికి లెడ్రెడ్ మెడకూ చుట్టుకుంది, డబ్లిన్ ఆర్చిబిషప్ ఆయన మీద మతద్రోహం మోపితే దేశం వదిలి పారిపోయాడు. అయినా తిరిగొచ్చి, ముసలితనం దాకా బతికి, 1360 ప్రాంతంలో పోయాడు. ఆయన శిలారూపమున్న సమాధి సెయింట్ కానిస్‌లో ఉంది.

పెట్రోనిల్లాకు సమాధి లేదు. అమెరికా కళాకారిణి జూడీ షికాగో 1979లో ప్రదర్శించిన ‘ది డిన్నర్ పార్టీ’ బల్ల చుట్టూ ముప్ఫై తొమ్మిది మంది స్త్రీలకు పీటలు వేసినప్పుడు అందులో ఒకటి ఈ దాసికి కేటాయించింది, ఆలిస్‌కు కాదు. అది సరైన ఎంపిక. చరిత్ర రాసేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు కూడా ఇకనుంచి దీన్ని పెట్రోనిల్లా కేసు అని పిలవాలని నా విన్నపం. ఆమెను కిల్‌కెన్నీలో జనం చూస్తుండగా తగలబెట్టిన రోజు 1324 నవంబరు 3.