చంద్రతలమున ఒక్క చుక్క

2019 సెప్టెంబరు 7వ తేదీన చంద్రుని దక్షిణధ్రువప్రాంతమున దిగబోవుచు చంద్రయాన్-2 వారి విక్రమ్ మూగవోయినది. శ్రీహరికోటనుండి నౌక యెగసిననాడు సంతసించిన ప్రజలు, ఆ యంత్రమెచట పడెనో చూడగోరుట సహజము. మన యార్బిటరు దానిని వెంటనే కనుగొన్నదని ఇస్రో అధ్యక్షులు శివన్‌గారు ప్రకటించిరి. ఆ మాటను మేము శంకింపము. కాని పటము మాత్రము నాడు ప్రజలకు చూపబడలేదు.

శకలములను లోకమునకు చూపినది అమెరికావారి నాసా. దారి చూపినవాడు చెన్నపట్టణపు ఇంజనీరు షణ్ముగ సుబ్రహ్మణ్యము. సెప్టెంబరు 26న నాసా విడుదలచేసిన ఛాయాపటమును పాతపటముతో సరిపోల్చి, మునుపు లేని యొక వెలుగుచుక్కను ఆయన పట్టుకొనెను. పటమున ఒక్కొక్క చుక్క 1.3 మీటర్ల నేలకు సమానము. ఆయనకు దొరకినది సరిగా ఒక్క చుక్క! అప్పుడు సూర్యుడు దిగంతమునకు ఆరు డిగ్రీల యెత్తుననే యుండుటచే ప్రతి గుంటయు పొడుగాటి నీడను పఱచుచుండెను.

ఇట్టి పని కంప్యూటరుకు సులభమని తలంచుట పొరపాటు. రెండు పటములను ఒకదానిపై నొకటి కుదిర్చి, వెలుగును సరిచేసి, ఒకదానినుండి రెండవదానిని తీసివేసినచో క్రొత్తది మిగులవలెను. ఎండ వాలు మాఱినచో ప్రతి రాయియు క్రొత్తదిగానే తోచును. ఇక ఎంత వెలుగును వస్తువుగా నెంచవలెననునది మఱియొక చిక్కు. ధాన్యము తూర్పారబట్టు రైతెఱుగును: గాలి చాలనిచో పొల్లు నిలుచును, హెచ్చినచో గింజయు నెగిరిపోవును. కావుననే నాసావారు అక్టోబరు 14, 15, నవంబరు 11 తేదీల మఱల పటములు తీసి, మేలైన వెలుతురున పరీక్షించి, డిసెంబరు 2న ప్రకటించిరి. ప్రధానస్థలము ఆ చుక్కకు ఆగ్నేయముగ 750 మీటర్ల దూరమున బయటపడినది. అచటి పెద్ద శకలములు మూడును పటమున రెండేసి చుక్కల నిడివియు వెడల్పును గలవి; వాని నీడ ఒక్క చుక్క.

మన యార్బిటరు కెమెరా 100 కిలోమీటర్ల యెత్తునుండి పావుమీటరు వివరమును చూపగలది. అట్టి కన్ను మనకుండగా మన యింటి పోగొట్టుబాటును మనవాడే పరుల పటమున వెదకుకొనవలసివచ్చెను. 2020 డిసెంబరునుండి చంద్రయాన్-2 సమాచారము విడుదలయగుట మొదలిడినది, సంతోషమే. 2023 ఆగస్టు 23న రెండవ విక్రమ్ సుఖముగ దిగినది కూడ. అయినను జయమునకు పటమును, అపజయమునకు ప్రకటనయు చాలునను పద్ధతి మాకు సమ్మతము కాదు. ఏ యంత్రము కూలినను, కూలకమునుపటి పటమును, తరువాతి పటమును, రెండింటి సూర్యకోణములతో కూడ, కొన్ని వారములలో ప్రజలకిచ్చు నియమమును ఇస్రో యేర్పఱుపవలెనని కోరుచున్నాము.