నేరం నూనెదా, మరిగించడానిదా?

గింజల నూనెల మీద అమెరికాలో కొన్నేళ్లుగా పెద్ద దాడే సాగుతోంది. సోయా, పొద్దుతిరుగుడు, మొక్కజొన్న నూనెలే సకల రోగాలకూ మూలమని చెప్పే పుస్తకాలకు అక్కడ గిరాకీ ఎక్కువ. కుటుంబ వైద్యురాలు క్యాథరిన్ షానహన్ 2024లో ప్రచురించిన ‘డార్క్ క్యాలరీస్’ ఆ కోవలోనిది. ఈ నూనెలు సులువుగా ఆక్సీకరణం చెందుతాయన్నది ఆమె వాదానికి పునాది. ఆ పునాది గట్టిదే. చిక్కల్లా దాని మీద లేపిన మేడతోనే.

కొవ్వు ఆమ్లంలో ద్వంద్వబంధాలు పెరిగినకొద్దీ అది ఆక్సిజన్‌కు తేలికగా లొంగుతుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో సగానికి పైగా ఉండేది అటువంటి లినోలిక్ ఆమ్లమే. బాణలిలో గంటల తరబడి కాగినప్పుడు ముందు పెరాక్సైడులు, అవి విరిగి ఆల్డిహైడులు పుడతాయి. వీటిలో కొన్ని ప్రోటీన్లకు అంటుకొని వాటి పనిని చెడగొడతాయి. పేగులు గ్రహించిన ఇలాంటి పదార్థాల విషాన్ని విరిచే భారం అధికంగా కాలేయానిదే. ఆ పనిలో దానికి గ్లూటాథయోన్, విటమిన్ ఇ, సెలీనియంతో పనిచేసే ఎంజైములు అండగా నిలుస్తాయి.

ఈ రక్షకుల చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. 1922లో బర్క్‌లీలో హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరిన్ బిషప్ ఒక తరహా ఆహారం తిన్న ఎలుకలలో గర్భం నిలవకపోవడం గమనించి విటమిన్ ఇ జాడ పట్టారు. ‘టోకోఫెరాల్’ అన్న గ్రీకు పేరులో ప్రసవమనే అర్థం ఇమిడి ఉన్నది అందుకే. తరువాతి కాలంలో విటమిన్ ఇ లోపించిన ఆహారంతో ఎలుకల కాలేయ కణాలు చచ్చిపోతాయని తెలిసింది. అణుమాత్రం సెలీనియం చేర్చినా ఆ నాశనం ఆగుతుందని 1957లో క్లాస్ ష్వార్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ నిరూపించారు. నూనె చెడుతున్నప్పుడు మొదట ఖర్చయిపోయేది అందులోని విటమిన్ ఇ. కనుక పలుమార్లు కాగిన నూనె రెండు విధాలా నష్టం చేస్తుంది: విషాన్ని తెస్తుంది, కావలివాణ్ణి వెంట తీసుకురాదు.

ఇంతవరకూ షానహన్ వాదం నిలుస్తుంది. అయితే కాగిన నూనె కాలేయానికి చేసే హాని గురించిన సాక్ష్యంలో ఎక్కువ భాగం ఎలుకల మీద జరిగిన ప్రయోగాలదే. తాజా నూనె విషయంలో మనుషుల మీద జరిగిన ప్రయోగం వేరే కథ చెబుతుంది. స్వీడన్‌లోని ఉప్సల పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది యువతీయువకులు ఏడు వారాలపాటు అదనంగా మఫిన్లు తిన్నారు. కొందరివి పామాయిల్‌తో, కొందరివి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. ఇరువర్గాలూ దాదాపు సమానంగా బరువు పెరిగినా, కాలేయంలో కొవ్వు బాగా పేరుకున్నది పామాయిల్ తిన్నవారికే. గింజే దోషి అయితే ఫలితం తలకిందులై ఉండవలసింది.

నూనెకు భయపడినవారు మాత్రలను ఆశ్రయించడం మరో తొందరపాటు. మధుమేహం లేని కొవ్వు కాలేయ రోగులకు రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఇ 96 వారాలపాటు ఇచ్చిన ప్రయోగం 2010లో వెలువడింది. వారిలో 43 శాతం మందికి కాలేయ వాపు లక్షణాలు మెరుగుపడ్డాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 19 శాతం మందికే. కాలేయం గట్టిపడటం మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. మరో పెద్ద ప్రయోగంలో రోజూ 400 యూనిట్లు తీసుకున్న పురుషులలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించింది. వైద్యుని పర్యవేక్షణలో మందైనది అంగడిలో కొనుక్కున్నంత మాత్రాన రక్ష కాబోదు.

అసలు జాగ్రత్త అవసరమైన చోటు బాణలి. వాడిన నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే దానిని మళ్ళీ వంటకు వాడరాదని భారత ఆహార భద్రతా సంస్థ విధించిన నిబంధన 2018 జూలై 1న అమలులోకి వచ్చింది. హోటళ్ళు వదిలిన నూనె తిరిగి తిండిలో కలవకుండా బయోడీజిల్‌కు మళ్ళించే పథకం కూడా అదే ఏడు మొదలైంది. బజ్జీల బండికి అదుపు అవసరమే. పండుగనాటి గారెల నూనెను వడగట్టి సీసాలో దాచి, వారం తరువాత కొత్త నూనె కలిపి పొయ్యి మీద పెట్టే ఇంటికి, అది గుంటూరులో ఉన్నా హ్యూస్టన్‌లో ఉన్నా, ఏ అధికారీ రాడు. పాత నూనెలో పోసిన కొత్త నూనె మరింత త్వరగా చెడుతుంది. రంగు నల్లబడటం, చిక్కబడటం, నురగ కట్టడం, తక్కువ వేడికే పొగ రావడం దాని మరణవార్తలు.

ఏడాది పొడవునా ఆవకాయను కాపాడే పప్పునూనెకు ఆ నిలకడ చాలావరకు సెసమాల్ వంటి సహజ రక్షకాల వల్ల వచ్చింది. అదైనా పదిసార్లు కాగితే పప్పునూనెగా మిగలదు. నూనె పేరును బట్టి పుణ్యపాపాలు పంచే పుస్తకాలు భయాన్ని అమ్ముతాయి. ఆ భయం అలమరలోని సీసాను మార్పిస్తుందే తప్ప, మూకుడు అడుగున మిగిలిన నూనెను పారబోయించదు. కాలేయానికి కావలసింది ఆ రెండో పని.