ఒట్టు ఎవరితో పెట్టిస్తున్నాం?

ఆదోని, ఎమ్మిగనూరు పక్క ఇంటి తగువు ఎంతకీ తెగకపోతే చివరికి వచ్చే మాట ఒకటుంది: "గుడికి పోదాం పద, కర్పూరం ఆర్పి చెప్పు." ప్రమాణాలకు పేరుపడింది కాణిపాకం వినాయకుడే అయినా అంత దూరం పోనక్కర్లేదు. ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టేసినా సరే, ఊరి ఆంజనేయుడి ముందు చేసినా సరే.

మూఢనమ్మకం అని కొట్టిపారేయడం సులువు. ఇంజనీరింగ్ చదివేవాళ్లం కదా, మనకు మరీ సులువు. కానీ 1873 నాటి ప్రమాణాల చట్టంలోనే దీనికి చోటుండేది. "అవతలివాడు ఫలానా ప్రమాణం చేస్తే ఒప్పుకుంటా" అని కోర్టులో ఒకరంటే, జడ్జి అవతలివాణ్ణి అడగొచ్చు. వాడు చేశాడా, అడిగినవాడు దానికి కట్టుబడాల్సిందే. 1969 చట్టంలో ఈ పద్ధతి తీసేశారు. బైబిల్లో నిర్గమకాండం 22వ అధ్యాయం చెప్పేదీ దాదాపు ఇదే. కాపుకిచ్చిన పశువు ఎవరూ చూడకుండా చచ్చిపోతే, కాపున్నవాడు యెహోవా పేరున ప్రమాణం చేస్తాడు. సొంతదారు ఒప్పుకోవాలి, నష్టం అడగకూడదు. సాక్షి లేని తగువు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. అంతవరకు నాకూ సమ్మతమే.

నాకు నచ్చనిది, ఇంట్లో ఆ బరువు ఎవరి మీద పడుతుందనేది. బంగారం కనపడకపోతే కోడలిని పిల్లల తలకాయ మీద చెయ్యి పెట్టి చెప్పమంటారు. దేవుడంటే లెక్కలేనివాడు గబుక్కున కర్పూరం ఆర్పేస్తాడు. భయమున్న మనిషి నిజం చెప్తూ కూడా వణుకుతుంది, ఆ వణుకునే తప్పు కింద రాసుకుంటారు. తర్వాత పిల్లోడికి జ్వరమొస్తే ఇంక చెప్పక్కర్లేదు.

ఆదికాండం 31లో యాకోబు, మామ లాబాను దగ్గర 20 ఏళ్లు పనిచేసి, చెప్పకుండా భార్యాబిడ్డలతో బయల్దేరతాడు. మామ వెంటబడి వచ్చి, నా గృహదేవతల బొమ్మలు ఎవరు ఎత్తుకొచ్చారని అడుగుతాడు. ఎవరి దగ్గర దొరికితే వాళ్లు బతకకూడదు అంటాడు యాకోబు, ధీమాగా. తీసింది తను ప్రాణంగా చూసుకునే రాహేలే! ఒంటె సామానులో దాచి దాని మీదే కూచుంది. ఆయనకు తెలీదు. కల్లాకపటం లేనివాడి మాట కూడా ఇంటి మనిషి మెడకే చుట్టుకోబోయింది. (రాహేలు, లేయా అంతకుముందే అనుకున్నారు, పుట్టింట్లో మనకింక భాగమేముందని. 2005 చట్టం వచ్చాక కూడా మన ఇళ్లలో ఆ మాట వినపడుతూనే ఉంది.)

చివరికి మామా అల్లుడూ రాళ్లు కుప్పేసి ప్రమాణం చేసుకున్నారు. బొమ్మల ఊసే ఎత్తలేదు. ఈ కుప్ప దాటి ఒకరి మీదికొకరు కీడు చేయడానికి రాకూడదు, నా కూతుళ్లను బాధపెట్టకూడదు, వాళ్ల మీద ఇంకో భార్యను తేకూడదు. ఇవీ షరతులు. అందరూ కలిసి భోంచేశారు. తెల్లారి లాబాను కూతుళ్లను, మనవళ్లను ముద్దుపెట్టుకుని ఊరికి పోయాడు.

అన్నదమ్ములు గుడికి పోవాల్సే వస్తే ఇట్లాంటి ఒట్టు పెట్టుకోవచ్చు: చేను గట్టు జరపమని, అమ్మను వంతులేసుకుని సరిగ్గా చూసుకుంటామని, అక్క వాటా అక్కకు రిజిస్టర్ చేయిస్తామని. కర్పూరం వాళ్లే ఆర్పాలి. కోడలినీ పిల్లల్నీ ఇంటి దగ్గరే వదిలేసి పోతే చాలు.