చుక్క కట్టే చేతులు

డిసెంబరు మొదటి వారానికి పాలమూరులో, నల్లగొండలో పత్తి ఏరుడు ఇంకా ఒడవదు. వరికోతలు అయిపోయి కొత్త బియ్యం ఇంటికి చేరి ఉంటాయి. పొద్దంతా చేన్లో వంగి వచ్చిన తల్లి చీకటి పడ్డాక పొయ్యి ముట్టిస్తుంటే, వాకిట్లో పిల్లలు వెదురు బద్దలు ముందేసుకుని కూర్చుంటారు. ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కడతారు. వాటి కొనలు కలిపి బిగించి, నడుమ చిన్న పుల్లలు అడ్డం పెడితే చుక్కకు పొట్ట వస్తుంది. దాని మీద పతంగుల కాగితం, మైదాపిండి కాచిన లై, లోపల ఒక బల్బు. పొడుగాటి బొంగుకు కట్టి ఇంటి మీద నిలబెట్టిన రోజు నుంచి ఆ ఇంటికి క్రిస్మస్ వచ్చినట్టే.

ఇప్పుడు ఆ చుక్క బజార్లో దొరుకుతోంది. మడతపెట్టిన ప్లాస్టిక్ చుక్క కొని, విప్పి, ప్లగ్గు పెడితే చాలు. అది బాగానే వెలుగుతుంది, వానకు తడవదు, మరుసటేడు కూడా పనికొస్తుంది. కానీ అది కట్టాల్సిన అవసరం లేదు కాబట్టి, దాని చుట్టూ కూర్చునే సాయంత్రం కూడా ఉండదు. బద్ద చీల్చడం నేర్పే తాత, లై ఎక్కువైందని గదమాయించే అక్క, కాగితం చింపినందుకు ఏడ్చే చిన్నోడు, వీళ్లంతా ఆ సాయంత్రంతోపాటే పోతారు. పిల్లలకు పండుగను చూపించడం వేరు, పండుగలో పని ఇవ్వడం వేరు. తరం దాటి మిగిలేది రెండోదే.

ఈ మాటకు ప్రపంచంలో చాలా చోట్ల రుజువు కనిపిస్తుంది. నేడు ఎన్నో దేశాల్లో వేలాడే మొరేవియన్ చుక్క పుట్టింది 1830ల్లో, జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో, పిల్లల బోర్డింగ్ బడిలో. జ్యామితి పాఠంలో భాగంగా పిల్లలు కాగితం మడిచి, ముక్కలు అతికించి అనేక మొనల చుక్కను చేశారు. లెక్కల పాఠం అక్కడి ఇళ్లలో పండుగ ఆనవాయితీ అయింది. ఫ్యాక్టరీలు తర్వాత వచ్చాయి. ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్‌కు వెలిగే ‘పరోల్’ కూడా మన పల్లెల చుక్కలాగే వెదురు, కాగితం కూర్చి చేసేదే. అక్కడి బడుల్లో పిల్లలు ఇప్పటికీ వాటిని కడుతూనే ఉన్నారు.

దక్షిణ తెలంగాణకు ఈ పండుగ వచ్చిన తీరు కూడా తెలుసుకోదగింది. రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో స్థిరపడిన మెనొనైట్ బ్రదరెన్ సంఘం నుంచి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా 1889లో భారతదేశానికి వచ్చారు. అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. అప్పటికే పాలమూరులో అమెరికన్ బాప్టిస్టుల కేంద్రం ఉంది. 1899లో అమెరికా నుంచి మెనొనైట్ బ్రదరెన్ మిషనరీలు వచ్చాక నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల వైపు మిషన్ కాంపౌండ్లు, బడులు, దవాఖానలు వెలిశాయి. 1937లో ఆ పాలమూరు (మహబూబ్‌నగర్) కేంద్రం కూడా వారి చేతికే వచ్చింది. నేడు ఈ ఊళ్లలో జనం ‘ఎంబీ చర్చి’ అని పిలిచేవి ఆ వరసలోవే. మరోవైపు కతోలికులకు 1976లో నల్లగొండ కేంద్రంగా మేత్రాసనం ఏర్పడింది.

రష్యా మెనొనైట్ ఇళ్లలో క్రిస్మస్ ముందురాత్రి పిల్లలు బల్ల మీద తలా ఒక పళ్లెం పెట్టి పడుకునేవారు. తెల్లారేసరికి అందులో పల్లీలు, మిఠాయిలు ఉండేవి. తల్లిదండ్రుల ముందు నిలబడి కంఠతా పట్టిన పద్యం అప్పజెప్పడం ఆ పిల్లల వంతు. పాలమూరు సండేస్కూల్ పిల్లలు క్రిస్మస్ నాడు చర్చిలో మైకు ముందు నిలబడి కంఠత వాక్యం చెప్పి, మిఠాయి పొట్లం తీసుకుని గంతులేస్తూ దిగడం చూసినవారికి ఆ పళ్లెం గుర్తుకు రాక మానదు. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని తేల్చడానికి కాదు ఈ పోలిక. రెండు చోట్లా బిడ్డ పుచ్చుకోవడంతోపాటు ఏదో ఒకటి ఇస్తోంది. ఇవ్వడానికి ఆమె దగ్గర ఉన్నది గొంతు, జ్ఞాపకశక్తి. ఆ రెంటినీ పెద్దలు కానుకగా అందుకున్నారు.

ఆ మిషనరీల కుటుంబాల్లోనే 1932లో శంషాబాద్‌లో పుట్టిన పాల్ హీబర్ట్ తర్వాత మానవశాస్త్రవేత్త అయ్యాడు. పాలమూరు జిల్లా పల్లె కొండూరు మీద ఆయన రాసిన అధ్యయనం 1971లో పుస్తకంగా వచ్చింది. 1980ల్లో ఆయన చెప్పిన ఒక ఆలోచన నేటికీ ప్రపంచమంతటా వేదాంత కళాశాలల్లో పాఠంగా ఉంది. పాత ఆచారాన్ని కళ్లు మూసుకుని తోసిపుచ్చొద్దు, కళ్లు మూసుకుని తలకెత్తుకోవద్దు. ముందు దాని అర్థమేమిటో ఆ జనంతో కలిసి తెలుసుకోవాలి. తర్వాత ఏది ఉంచాలో, ఏది మార్చాలో, ఏది వదలాలో, కొత్తగా ఏది చేర్చుకోవాలో ఆ జనమే కూర్చుని తేల్చుకోవాలి. ఈ పద్ధతి పండితులకే పరిమితం కానక్కర్లేదు. నలుగురున్న ఇంట్లో, అన్నం తిన్నాక, పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవచ్చు.

డప్పు సంగతే తీసుకుందాం. ఈ ప్రాంతంలో తొలితరం క్రైస్తవుల్లో అధికులు మాదిగ, మాల కుటుంబాలవారు. డప్పు వారిలో ముఖ్యంగా మాదిగల తాతల చేతి వాద్యం. గ్రామదేవతల కొలుపుకు, చావుకు మోగే వాద్యమని కొన్ని చోట్ల చర్చి పెద్దలు దానిని దూరం పెట్టారు. అయినా క్యారల్ గుంపు ముందు అది మళ్లీ మోగింది. చలిరాత్రి పది దాటాక కంజిర, తాళాలు, డప్పుతో గుంపు వాడకొస్తుంది. ఒక్కో ఇంటి ముందు ఆగి పాట, ప్రార్థన. ఆ ఇంటివాళ్లు చాయ్ పోస్తారు, చందా ఇస్తారు. మంకీ టోపీ పెట్టుకుని, నిద్రకళ్లతో, పెద్దల వెంట నడిచే పిల్లవాడు ఆ రాత్రి ఎన్నో నేర్చుకుంటాడు. పాట నేర్చుకుంటాడు. ఏ ఇంట్లో ముసలవ్వ ఒక్కతే ఉంటుందో, ఏ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడో తెలుసుకుంటాడు. ‘వందనాలు’ అని రెండు చేతులు జోడించడం నేర్చుకుంటాడు. ఇప్పుడు కొన్ని ఊళ్లలో ఆ గుంపు స్థానంలో ట్రాలీ ఆటో మీద డీజే పెట్టెలు తిరుగుతున్నాయి. రికార్డు పాట మోగుతుంటే పిల్లలు దాని వెనక ఎగురుతారు, వాళ్ల సంతోషం నిజమే. అయితే ఆ పాట ఆగిన మరుక్షణం వాళ్ల నోట్లో చరణం ఒక్కటి కూడా మిగలదు. ఈ మార్పు నష్టమేనని గట్టిగా చెప్పాలి.

పాట విషయంలో తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఉన్న ఆస్తి చిన్నది కాదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. 1803లో పుట్టి 1890 దాకా జీవించిన పురుషోత్తమ చౌదరి ఒక్కడే వందకు పైగా కీర్తనలు రాశాడు. బైబిలుతోపాటు పాటల పుస్తకం చంకన పెట్టుకుని మందిరానికి పోయే అవ్వలు పాలమూరు పల్లెల్లో ఇంకా ఉన్నారు. అక్షరం రాకపోయినా పుస్తకం పట్టుకునే అవ్వలూ ఉన్నారు, పాటంతా వాళ్ల గుండెలో ఉంటుంది. ఆ అవ్వల బాణీ ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా ఉంటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, యూట్యూబ్‌లోనూ లేదు. మనవరాలి గొంతులోకి ఎక్కకపోతే అవ్వతోనే మట్టిలో కలిసిపోతుంది.

ఇక వంట. తెలంగాణలో సకినాలు సంక్రాంతివి. క్రైస్తవ ఇళ్లలో అవే సకినాలు, అరిసెలు, గరిజెలు క్రిస్మస్‌కు ముందుగా దిగుతాయి. నువ్వులు, వాము కలిపిన తడిపిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ బట్ట మీద చుట్లు చుట్టడం చూసి వచ్చే విద్య కాదు, చెయ్యి పెట్టాల్సిందే. మొదటిరోజు పిల్ల చుట్టిన సకినం వంకరగా వస్తుంది. దాన్ని పక్కన పడేయకుండా నూనెలో వేసి, ‘ఇది మా బిడ్డ చేసింది’ అని పళ్లెంలో పైన పెట్టే తల్లి ఆ పిల్లకు జీవితాంతం గుర్తుండే పండుగ ఇచ్చినట్టు.

ఆ పళ్లెం ఎక్కడికి పోతుందన్నది ఇంకా పెద్ద విషయం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు కూడా అలాయి చుట్టూ ఆడతారు. జాన్‌పహాడ్ దర్గాకు, జహంగీర్ పీర్ దర్గాకు అన్ని మతాలవారూ మొక్కులు తీర్చుకోవడానికి పోతారు. అలాంటి నేల మీద క్రిస్మస్ పళ్లెం ఇరుగుపొరుగుకు పోవడం సహజం. దసరాకు వచ్చిన గారెలకు, రంజాన్‌కు వచ్చిన సేమియాకు అది బదులు. ఆ పళ్లేలను పెద్దలు కాకుండా పిల్లలు మోసుకుపోవాలి. పక్కింటి గడప దాటి, ‘అత్తమ్మా, మా అమ్మ ఇచ్చింది’ అని చెప్పిన పిల్లకు ఆ ఇల్లు ఇక పరాయిది కాదు. 2011 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాలో క్రైస్తవులు 1.3 శాతమే. ఇంత చిన్న సమాజపు పిల్లలకు ఇరుగుపొరుగు ప్రేమ ఎంత అండో వేరే చెప్పాలా?

ఆ లెక్క వెనక మరో బాధ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులపు హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా దక్కింది, క్రైస్తవులకు దక్కలేదు. అందుకే ఎంతోమంది పిల్లలకు బడి రిజిస్టర్లో ఒక పేరు, మందిరంలో మరో పేరు. ఆ బిడ్డ తన విశ్వాసం గురించి బయట గట్టిగా చెప్పుకోలేదు. ఏ కాగితం మీదా దానికి గుర్తింపు ఉండదు. ఆ వారసత్వం రాసి ఉండేది ఇంట్లో కట్టిన చుక్కలో, అవ్వ నేర్పిన పాటలో మాత్రమే. ఇంట్లో ఆనవాయితీ తెగిపోతే ఈ పిల్లలకు ఇంకెక్కడా ఆధారం మిగలదు.

వలస ఇళ్ల కష్టం వేరు. దేశమంతటా ప్రాజెక్టుల మట్టి మోసిన ‘పాలమూరు లేబర్’ వారసులు నేటికీ ముంబై, పుణె, హైదరాబాద్ కట్టడాల దగ్గర గుడిసెల్లో ఉంటారు. పిల్లలు ఊళ్లో అవ్వ దగ్గరో, గురుకులంలోనో చదువుకుంటారు. సర్కారు 25తోపాటు 26న కూడా సెలవు ఇస్తోంది, పేద కుటుంబాలకు కొన్నేళ్లు బట్టలు కూడా పంచింది. అది మంచిదే. అయితే ఉన్న ఆ రెండు రోజులు అప్పు తెచ్చి కొత్త బట్టలు, పెద్ద కేకు కొనడంలోనే గడిచిపోతే తల్లిదండ్రులు మళ్లీ బస్సెక్కేసరికి చేతిలో వడ్డీ మిగులుతుంది, పిల్లల దగ్గర ఫొటోలు మిగులుతాయి. చిన్నదైనా ప్రతి ఏడూ తప్పకుండా చేసేది ఒకటి ఉండాలి. రాలేని ఏడు ముంబై నుంచి నాన్న ఫోన్లో, ఊళ్లో అవ్వ, పిల్లలు ఇంట్లో, ఒకే సమయానికి ఒకే కీర్తన పాడుకున్నా అది ఆనవాయితీయే. దానికి రూపాయి ఖర్చు లేదు.

డిసెంబరు నిండా జరిగే ‘సెమీ క్రిస్మస్’ సభల మీద కూడా ఒక మాట అనాలి. వేదిక మీద పెద్దలు శాలువాలు కప్పుకుని, ప్రసంగాలు చేసి, కేకు కోస్తుంటే పిల్లలు కుర్చీల్లో ఆవలిస్తూ కూర్చుంటున్నారు. నెల రోజులుగా నేర్చుకున్న నాటకానికి చివర్లో పది నిమిషాలు మిగులుతాయి, అప్పటికి సగం జనం భోజనాలకు లేస్తారు. క్రీస్తు జననం ఒక పసిబిడ్డ కథ. ఆ పండుగలో పిల్లల వంతు చివరికి రావడం తప్పు. పిల్లల నాటకం ముందు పెట్టి, ప్రసంగాలు తర్వాత పెట్టుకోవడానికి ఏ పాస్టర్ అయ్యగారూ ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

పాతవాటిని కాపాడుకోవడమే ఆనవాయితీ అనుకుంటే పొరపాటు. ఫ్రీసెన్ చదువుకున్న హాంబర్గ్ నగరంలోనే, ఆయనకు అర్ధశతాబ్దం ముందు, 1839లో యోహాన్ విచెర్న్ అనే వేదాంతి పేదపిల్లల ఆశ్రమం నడిపేవాడు. ‘క్రిస్మస్ ఇంకెన్ని రోజులు’ అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, పాత బండిచక్రం మీద మామూలు రోజులకు చిన్న కొవ్వొత్తులు, నాలుగు ఆదివారాలకు నాలుగు పెద్దవి పెట్టి రోజుకొకటి వెలిగించనిచ్చాడు. నల్లగొండ కతోలిక గుళ్లలో ఆగమన కాలంలో వారానికొకటి చొప్పున వెలిగే నాలుగు కొవ్వొత్తులకు మూలం ఆ బండిచక్రమే. పిల్లల ప్రశ్నకు ఒక పెద్దమనిషి చెప్పిన జవాబు భూగోళం చుట్టి ఇక్కడిదాకా వచ్చింది. మన ఇళ్లలోనూ బండిచక్రాలు ఉండేవి. అవి లేకున్నా మట్టి ప్రమిదలు ఉన్నాయి.

ఈ ఏడాది క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం సాయంత్రం టీవీ, ఫోను కట్టేసి పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. చుక్క ఎవరు కట్టాలో, సకినాలు ఎవరు చుట్టాలో, ఏ ఇంటికి ఎవరు పళ్లెం తీసుకుపోవాలో, అవ్వ పాట ఎవరు నేర్చుకోవాలో వాళ్లనే అడిగి పంచండి. పంచిన పని వాళ్లు వంకరగా చేసినా మీరు మళ్లీ సరిచేయకండి. ఇంట్లో అవ్వ ఉంటే ఆమెనే ముందు పాడమనండి.