రామప్ప గుడికి ఇసుకే బలం, ఇసుకే భయం: ఆ లెక్క తెలిసినవాళ్లు ఎంతమంది?

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాదిన్నర తిరగకముందే, 2024 డిసెంబర్ 4న, అదే జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లో ఉన్న మీలో కొందరికి కూడా ఆ ఉదయం గుర్తుండే ఉంటుంది. లక్ష్మీదేవిపేట, రామప్ప గుడి ఉన్న పాలంపేట రెండూ వెంకటాపూర్ మండలంలోనివే.

ఇందులో ఇబ్బంది ఏమిటి?

1213 నాటి ఈ గుడి ఇసుక పునాది మీద నిలబడింది. గుంత తవ్వి, ఇసుక నింపి, దానిపై రాళ్లు పేర్చారు. భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక చాలావరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. కానీ ఇసుకలో తేమ ఉండాలి. ఎండిపోతే కుంగుతుంది, వరద నీటికి కొట్టుకుపోతే పైనున్న స్తంభం పక్కకు ఒరుగుతుంది. అంటే నీళ్లు చేరకుండా లోతైన కాలువ తవ్వేద్దామంటే కుదరదు. సివిల్ ఇంజినీర్‌కు ఇసుక పునాది తెలియకపోవచ్చు, పురావస్తు అధికారికి నీటి ప్రవాహం లెక్క తెలియకపోవచ్చు. రెండూ తెలిసిన మనిషే ఇక్కడ కావాలి.

శిక్షణ లేదా అంటే, ఉంది. కేంద్ర పురావస్తు శాఖకు గ్రేటర్ నోయిడాలో సంస్థ ఉంది, రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతుంది. రోమ్‌లోని ఇక్రోమ్ విపత్తుల వేళ వారసత్వ కట్టడాలకు 'ప్రథమ చికిత్స' ఎలా చేయాలో నేర్పుతుంది. కట్టడాలకు విపత్తు ప్రణాళికలు ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

అయితే వాన పడిన రాత్రి గుడి దగ్గర ఉండేది నోయిడాలో చదివిన అధికారి కాదు, కాపలా మనిషి. ఏ పగులు పాతది, ఏది కొత్తది, నీరు ఎక్కడ నిలిస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ముందుగా నేర్పాల్సింది ఆయనకే. మన దగ్గర శిక్షణ అంటే పెద్ద డిగ్రీలే గుర్తొస్తాయి, అదే చిక్కు.

ఆలస్యం ఖరీదు ఎంతో హనుమకొండ వేయిస్తంభాల గుడి చూపించింది. కల్యాణ మండపాన్ని 2006లో విప్పదీస్తే, తిరిగి తెరిచింది 2024 మార్చిలో. నిధుల జాప్యం ఒకటే కాదు, పాత పద్ధతిలో రాయి పేర్చే శిల్పులు దొరకడమూ కష్టమే అయింది.

ఈసారి రామప్ప వెళ్తే శిల్పాలతో పాటు గుడి చుట్టూ వాన నీరు ఎటు పోతోందో కూడా చూడండి. కొత్త పగులు, చెమ్మ కనిపిస్తే ఫొటో తీసి, తేదీ రాసి పురావస్తు శాఖకు పంపండి.