‘డి’ దగ్గర ఆగిపోయే చదువు

జీఆర్‌ఈకి కూర్చున్న పిల్లల్ని అడిగి చూడండి. అబేట్, అబెరేషన్, అబ్‌స్టెమియస్... ‘ఎ’తో మొదలయ్యే మాటలు గడగడా అప్పజెబుతారు. ‘డి’కొచ్చేసరికి నీరసం వస్తుంది. ‘ఎస్’ ముఖం చూసినవాడు అరుదు. బారన్స్ పాత పుస్తకాల్లో 3,500 మాటలు అక్షరక్రమంలో ఉండేవి. అమీర్‌పేట కోచింగుల్లో ఎంతమంది ఆ వరసలోనే బట్టీ పట్టారో! ఒకదానితో ఒకటి పొత్తులేని మాటల్ని పక్కపక్కన కూర్చోబెట్టే వరస అది. వెతుక్కోవడానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి నరకం.

పరీక్ష పెట్టేవాళ్లే ఈ సంగతి గ్రహించారు. 2011 ఆగస్టులో వ్యతిరేకపదాలు, అనాలజీలు ఎత్తేసి, వాటి చోటు వాక్యంలో ఖాళీలు పూరించే ప్రశ్నలకిచ్చారు. మనవాళ్ల జాబితాలు మాత్రం చెక్కుచెదరలేదు.

పూర్వం కోనసీమ అగ్రహారాల్లో పిల్లలు అమరకోశమనే సంస్కృత నిఘంటువు వల్లె వేసేవారు. అదీ బట్టీయే, కాదనను. అయితే దాన్ని రాసిన అమరసింహుడు అకారాది జోలికి పోకుండా మాటల్ని వర్గాలుగా కట్టాడు. వారివర్గం ఎత్తుకుంటే నీరు, చేప, పడవ, తామర అన్నీ అక్కడే దొరుకుతాయి. ఒక మాట గుర్తొస్తే దాని చుట్టాలూ వెంట వస్తాయి.

ఇంగ్లిషు మాటలకూ చుట్టరికాలున్నాయి. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో నాకొక తరగతి అప్పగిస్తే ‘కరోజన్’తో మొదలుపెడతాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పారింది, లోపల తుప్పు తినేసింది. ఆ తుప్పు తినడమే కరోజన్. లాటిన్‌లో రోడెరె అంటే కొరకడం. గొట్టాన్ని కొరికితే కరోజన్, అంతర్వేది దగ్గర సముద్రం ఒడ్డును కొరికితే ఎరోజన్, చేలో వరిదుబ్బు కొరికే ఎలుక రోడెంట్. మూడూ ఆ పిల్లలు ఎరిగినవే, పేర్లే కొత్త.

ఇదంతా అమెరికా వెళ్లేవాళ్ల కోసం చెప్పడం లేదు. కోనసీమలో గ్యాసు బావులు, గొట్టాలు ఇంకా ఉన్నాయి. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టులపై ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ నివేదిక సారాంశం మాత్రమే స్థానిక భాషలో ఇస్తారు. అసలు నివేదిక ఇంగ్లిషులోనే ఉంటుంది. కండెన్సేట్, మిటిగేషన్ (నష్టం తగ్గించడం), రిస్క్ అసెస్‌మెంట్ లాంటి మాటలు ఊరివాళ్లకు అక్కర పడేది అక్కడే. తాటిపాక చుట్టుపక్కల హైస్కూలు మాస్టారెవరైనా అలాంటి నివేదికలో నాలుగు పేజీలు తొమ్మిదో తరగతి చేత చదివించి చూడాలి. మిటిగేషన్ అంటే ఏమిటని ముందు అడుగుతారు. అర్థమయ్యాక, అది చేయాల్సిందెవరని అడుగుతారు.